తలకిందుల కొలత

ముందే చెప్పేస్తున్నాను, మా ఆవిడ బాగుంది. ఈ ముక్క చివరిదాకా దాచిపెడితే వినేవాళ్ళు నోరు తెరుచుకుని కూర్చుంటారని మా బావమరిది సలహా. వాడి మొహం. అంతసేపు జనాన్ని హడలగొట్టి నేనేం బావుకుంటాను? డాక్టరు అన్ని పరీక్షలూ చేయించి, "ఇంక ఏడాదికి రెండుసార్లు కనిపించండి చాలు" అన్నాడు. ఆ రోజు ఆసుపత్రి మెట్లు దిగుతూ మధ్య మెట్టు మీద కూలబడ్డాను. ఆవిడే నా రెక్క పట్టుకుని లేపింది. కాబట్టి జబ్బు గురించి ఎవరూ కంగారు పడక్కర్లేదు. నేను చెప్పేది జబ్బు పోయాక వచ్చిన ఎండాకాలం సంగతి.

మాది బట్టలు కుట్టే షాపు. ముందు షాపు, వెనక రెండు గదుల ఇల్లు, పైన ఖాళీ హాలు. ఇంట్లో ముగ్గురం. నేను కత్తిరిస్తాను, అందరూ నన్ను మాస్టరు అంటారు. మా ఆవిడ తమ్ముడు మిషను మీద కుడతాడు. కాజాలు, గుండీలు, చేతికుట్టు మా ఆవిడవి. చొక్కా చివికిపోయినా ఆవిడ వేసిన కాజా చెక్కుచెదరదు.

ఆపరేషన్లో ఆవిడ ఎడమ రొమ్ము తీసేశారు. ప్రాణం దక్కింది, ఇంకేం కావాలి అనుకున్నాను నేను. అనుకుని ఊరుకుంటే బాగుండేది, పైకి కూడా అన్నాను, రోజుకో పదిసార్లు. ఆవిడ విని ఊరుకునేది. నా పాత చొక్కాల్లోంచి నాలుగు ఏరుకుని, ఇంటా బయటా అవే వేసుకోవడం మొదలుపెట్టింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిడ ఒంటిమీద నేను కుట్టని బట్ట పడలేదు. షాపు కట్టేశాక అద్దం ముందు చేతులు చాచి నిలబడేది, నేను టేపు పెట్టేవాణ్ణి. అలాంటిది, ఇప్పుడు నా ఒంటికి కుట్టుకున్న సంచుల్లో తిరుగుతోంది.

"కొత్తది కుడతానోయ్, ఓసారి నిలబడు" అన్నాను.

"ఆది చొక్కా ఉంది కదా, దాన్ని చూసి కుట్టండి" అంది.

ఆది అంటే కొలతల కోసం ఇచ్చే పాత బట్ట. బయటివాళ్ళు ఇస్తారు. కట్టుకున్న పెళ్ళాం మొగుడికి ఆది ఇవ్వడం నేనెక్కడా వినలేదు. పైగా అది ఆపరేషన్ ముందటి చొక్కా. ఆ మాట నేననలేదు, ఎలా అంటాను? బట్టలు మార్చుకోవడానికి గదిలోకి వెళ్తే గడియ పెట్టుకునేది. ఆ గడియ చప్పుడు విన్నప్పుడల్లా ముందు ఒళ్ళు మండేది, ఆ తరవాత ఏడుపొచ్చేది. నేను పరాయివాడినైపోయాను. ఆ ఎండాకాలం నేను కోరుకున్నది ఒక్కటే, ఆవిడ నన్ను మళ్ళీ దగ్గరికి రానిస్తే చాలు.

పైన హాలుని అప్పుడే ఒకావిడ అద్దెకి తీసుకుంది. పగలు ఆసుపత్రిలో ఉద్యోగం, పట్టేసిన కీళ్ళు ఆడేట్టు చెయ్యడం ఆవిడ పని. సాయంత్రాలు హాల్లో యోగా నేర్పుతుంది. కిటికీలకి కర్టెన్లు కుట్టించుకోవడానికి షాపుకొచ్చింది. మాట్లాడుతూ మాట్లాడుతూ మా ఆవిడ వైపు చూసింది. మా ఆవిడ పై అరలోంచి దారం రీలు తియ్యడానికి ఎడం పక్కనున్నదాన్ని కూడా ఒళ్ళంతా తిప్పి కుడిచేత్తో అందుకుంటోంది.

"ఆ చెయ్యి ఎంతవరకు లేస్తుందమ్మా?"

"భుజం దాకా."

"ఆపరేషనా?"

మా ఆవిడ తలూపింది. నేను కల్పించుకుని మొదట్నుంచీ చరిత్రంతా చెప్పబోయాను. టీచరు చెయ్యి అడ్డం పెట్టి, "మాస్టరుగారూ, మీరు కిటికీల కొలతలు చూసుకోండి" అంది. తరవాత మా ఆవిడతో, "మీ డాక్టరుతో నేను మాట్లాడతాను. ఆయన సరేనంటే పైకి రండి" అంది.

ఆయన సరేనన్నాడు. నేనూ సరేనన్నాను, యోగా అంటే ముక్కు మూసుకుని కూర్చోవడమేగా అని. మొదటిరోజు ఆవిడ చెమటలు కక్కుతూ దిగొచ్చింది.

"ముక్కు మూసుకోవడం కాదండీ బాబూ. కుక్కలా నిలబడాలి."

"కుక్కలానా?"

"కుక్క నిద్రలేచి ఒళ్ళు విరుచుకోదూ, నడుం పైకెత్తి? అలాగ. చేతులు నేలమీద, కాళ్ళు నేలమీద. నాకు ఇప్పుడే వద్దంది, మోకాళ్ళ మీద చెయ్యమంది." మంచినీళ్ళు గటగటా తాగింది. "ఒకదాని వెంట ఒకటి వరసగా వస్తాయిట. మధ్యలో ఆగకూడదు. ఎండలు తగ్గేసరికి ఆ వరస చివర తలకిందులుగా నిలబెడతానంది."

"నీకేమన్నా మతి పోయిందా? గ్లాసు ఎత్తడానికే వణికే చెయ్యి ఒళ్ళంతా మోస్తుందా?"

"అందుకేనండీ వరస. ముందు చెయ్యి తన బరువు తాను మోస్తుంది, తరవాత నా బరువు మోస్తుంది" అని, గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది.

ఆ వరసంతా నాకు చెవులతోనే తెలిసింది. నా కత్తిరింపు బల్లకి సరిగ్గా పైనే వాళ్ళ క్లాసు. మొదట అందరూ నిలబడి ఊపిరి పీల్చుకుంటారు, అప్పుడేమీ వినపడదు. తరవాత అరచేతులు నేలకి ఆనిన చప్పుడు. ఒక కాలు వెనక్కి, టప్. రెండోది వెనక్కి, టప్. పొట్ట మీద పడుకుని ఛాతీ ఎత్తితే నేలంతా కిర్రుమంటుంది. తరవాత చాలాసేపు నిశ్శబ్దం, అది కుక్క. మళ్ళీ కాళ్ళు ముందుకి. మా ఆవిడ ఎక్కడుందో కూడా నేను చెప్పగలిగేవాణ్ణి. అందరి కాళ్ళూ టప్పుమంటే ఆవిడవి మోకాళ్ళు, దబ్బుమంటాయి. కప్పు మీంచి సున్నం పొడి రాలి, నేను పరిచిన నల్లగుడ్డ మీద పడేది. బ్రష్షు పెట్టి దులుపుకుంటూ పైకి చూసి తిట్టేవాణ్ణి. ఒక సాయంత్రం ఎంత విన్నా ఆ దబ్బు వినపడలేదు. అన్నీ టప్పు టప్పే. ఏమైంది ఈవిడకి, క్లాసు ఎగ్గొట్టిందా అనుకున్నాను. ఎగ్గొట్టడం కాదు, మోకాళ్ళెత్తేసింది. 

ఆ తరవాత కొన్నాళ్ళకి పై అరలోంచి తెల్లదారం రీలు ఎడంచేత్తో తీసింది. నేనూ బావమరిదీ ఇద్దరం చూశాం. ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుని, ఏమీ ఎరగనట్టు తలలు దించుకున్నాం. నేను కుళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కున్నాను. వాడు మిషను ఖాళీగా తొక్కుతున్నాడు, సూది కింద గుడ్డే లేదు.

చెయ్యి లేచింది గానీ గడియ పడుతూనే ఉంది. నా చొక్కాలు పోలేదు.

ఇంతలో షాపులో దొంగతనం మొదలైంది. ఒక హోటల్ వాళ్ళ సిబ్బందికి నల్లకోట్లు కుడుతున్నాం. కోటు భుజాల్లో పెట్టే ప్యాడ్లు నేను కొనను, స్వయంగా చేస్తాను. దూది పొరలు పేర్చి, పల్చటి తెల్లగుడ్డ చుట్టి, అడ్డంగా నిలువుగా టాకాలు వేస్తాను. జతలు జతలుగా డబ్బాలో పెడతాను. డబ్బా తీస్తే ఒక జతలో ఒకటే ఉంది. ఇంకో జతలోనూ ఒకటే.

"ఒరేయ్, ప్యాడ్లేవిరా?"

"డబ్బాలో ఉన్నాయి కదా బావా."

"ఒక్కోటే ఉంది. జత ఏది?"

"నన్నడుగుతావేం? నేను తిన్నానా?"

"నువ్వు తినవని నమ్మకమేమిటి?"

"బావా, దొంగైతే రెండూ పట్టుకుపోతాడు. ఒక్కటి పట్టుకెళ్ళి ఏం చేసుకుంటాడు, వాడికేమన్నా ఒకటే భుజమా?"

మా ఆవిడ మూల స్టూలు మీద కూర్చుని తలెత్తకుండా కాజా వేస్తోంది. "ఎలకలేమో" అంది.

జత విడగొట్టి తీసుకెళ్ళే ఎలకల్ని నేను చూడలేదు. అయినా సరే, బోను తెచ్చి డబ్బా పక్కన పెట్టాను. ఎలకా పడలేదు, ప్యాడ్లు పోవడమూ ఆగలేదు. నా అనుమానమంతా బావమరిది మీదే. ప్యాడ్లు పట్టుకెళ్ళి ఆ చివరి వీధి టైలరుకి నా పనితనం చూపిస్తున్నావు కదూ అని నోటికొచ్చినట్టల్లా అన్నాను. వాడు మిషను గోడవైపు తిప్పేసుకుని, నాకు వీపు పెట్టి కుట్టడం మొదలెట్టాడు. 

కర్టెన్లు తయారయ్యాయి. ఒక సాయంత్రం చేతుల నిండా వాటిని పట్టుకుని నేనే పైకి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. పదిమంది దాకా చాపల మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు, భుజాల కింద మడిచిన దుప్పట్లు. మా ఆవిడ గోడవారగా, నా గళ్ళచొక్కా ప్యాంటులోకి దోపుకుని ఉంది. టీచరు ఆవిడ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"ఊపిరి వదులుతూ నడుం ఎత్తండి. చేతులు వీపుకి ఆనించండి. ఎడంచెయ్యి ఎలా ఉంది?"

"మోస్తోందండీ."

"తొందరేం లేదు. ఒక కాలు... ఇప్పుడు రెండోది."

అందరితోపాటు మా ఆవిడ కాళ్ళూ లేచాయి. మెల్లగా, వణుకుతూ లేచి, తిన్నగా నిలబడ్డాయి. పాదాలు కప్పు వైపు, ఒళ్ళంతా భుజాల మీద. ఆ ఎడంచెయ్యి వీపుకి దన్నుగా పెట్టింది. ఆపరేషనయ్యాక మంచం మీంచి లేవడానికి నా మెడ పట్టుకున్న మనిషి. అరిచి చెప్పాలనిపించింది, మా ఆవిడండీ, చూడండి అని.

అప్పుడు చొక్కా కాలరులోంచి తెల్లటిదేదో జారి, ఆవిడ చెవి పక్కన చాప మీద పడింది. అరచేతంత ఉంది. దాని మీద అడ్డంగా నిలువుగా టాకాలు. ప్రపంచంలో ఎవరి టాకాలనైనా మర్చిపోతాను గానీ నావి మర్చిపోతానా?

"అదిగో! నా ప్యాడ్! దొరికింది!" అని అరిచాను.

హాల్లో సగం కాళ్ళు కిందపడ్డాయి. మాట నోట్లోంచి బయటపడ్డాక గానీ నా బుర్రకి ఎక్కలేదు. ఒక్కటే ఎందుకు పోతోందో, ఏ వైపుకి పోతోందో అప్పుడు తెలిసింది. తల తీసేసినట్టయింది. టీచరు తన భుజం మీది తువ్వాలు తీసి దాని మీద వేసేసి, "ఎవరూ తల తిప్పకండి, మెడలు పట్టేస్తాయి" అంది కేకేసి. మా ఆవిడ కంగారు పడలేదు. నేర్పినట్టే ముందు మోకాళ్ళు మడిచి, వీపు కొద్దికొద్దిగా నేలకి ఆనించి దిగింది. తువ్వాలుతో సహా దాన్ని తీసుకుని, నా పక్కనుంచే నడిచి వెళ్ళిపోయింది. నావైపు చూడలేదు. నేను కర్టెన్లు పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయాను.

ఆ తరవాత ఆవిడ క్లాసుకి వెళ్ళలేదు. పోనీ నన్ను తిట్టిందా అంటే అదీ లేదు. వంట చేసింది, కాజాలు వేసింది, నేనేమడిగినా ఊఁ అంది. నాకు తెలీదోయ్ అన్నాను, ఊఁ అంది. నా నోరు పడిపోనూ అన్నాను, దానికీ ఊఁ అంది. ఆ వారంలో నాతో ఆవిడ పూర్తిగా అన్న మాట ఇదొక్కటే: "ఆ ఎలకల బోను తీసెయ్యండి, కాలికి తగులుతోంది."

బావమరిది దగ్గరికి వెళ్ళాను. "తప్పైపోయిందిరా. నిన్ను అనరాని మాటలన్నాను."

"నాకు చెప్పడం కాదు బావా, అక్కకి చెప్పు."

"చెప్తూనే ఉన్నాను, వినడం లేదు."

"నువ్వు చెప్పినట్టు చెప్తే నేనైనా వినను. నీ నోరు నీకు ఎప్పుడు మేలు చేసింది గనక? నోరు కట్టేసి చేతులాడించు" అన్నాడు, మిషను మళ్ళీ నావైపు తిప్పుతూ.

వాడు చెప్పింది నిజమే. డబ్బాలోంచి ఒక ప్యాడ్ తీసి చూశాను. భుజం ప్యాడ్ ఒక అంచు మందంగా, ఒక అంచు పల్చగా ఉంటుంది. అది రొమ్ము దగ్గర ఎలా నిలుస్తుంది? రెండు పెట్టి చూసుకుందేమో, మూడు పెట్టి చూసుకుందేమో. చెమటకి అణిగిపోతే ఇంకోటి. ఇన్నాళ్ళూ ఎంత అవస్థ పడిందో. నేనేమో బోను పెట్టి కూర్చున్నాను. ఆ డబ్బా ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను. బావమరిది మిషను జోరుగా తొక్కాడు, వీధిలోకి వినపడకుండా.

మెత్తటి నూలుగుడ్డ తీశాను. లోపల వేసుకునే బాడీ ఒకటి కత్తిరించి, ఎడంవైపు లోపల్నుంచి ఒక జేబు పెట్టాను. ఆ జేబులోకి గుండ్రంగా, నడిమధ్య ఎత్తుగా ఉండే దిండు ఒకటి చేశాను. దూది ఏకి ఏకి పెట్టాను, ఎక్కడా ఉండ కట్టకుండా. కొలతలకేముంది, ఆ పాత ఆది చొక్కానే గతి. కుట్టి, మడిచి, ఆవిడ మంచం మీద పెట్టి వచ్చేశాను. ఒక్క ముక్క మాట్లాడలేదు. అది నా జీవితంలో మొదటిసారి.

మర్నాడు మంచం మీద అది లేదు. పారేసిందో దాచిందో నాకు తెలీదు, అడగడానికి మొహం చెల్లలేదు.

ఒకరోజు టీచరు షాపుకొచ్చింది. మా ఆవిడ బజారుకెళ్ళింది.

"ఆవిడ రావడం మానేశారేం?"

"నా నిర్వాకం మీరు చూశారుగా."

"చూశాను." బల్ల మీదున్న సుద్దముక్క తీసి అటూ ఇటూ తిప్పింది. "మాస్టరుగారూ, మీరు ఆ రోజు చూసింది ప్యాడ్ ఒక్కటేనా? ఆ చెయ్యి చూడలేదా?"

"చూశానండీ" అన్నాను.

"ఆ మాట ఆవిడకి తెలియాలి. ఇంక మిగిలింది శీర్షాసనం ఒక్కటే. ఆవిడ ఊరుకునే మనిషి కాదు, ఇంట్లో చేస్తూ ఉండొచ్చు. చెయ్యొద్దనను. గోడ పక్కన చెయ్యాలి, పక్కన మనిషుండాలి. ఒంటరిగా మాత్రం వద్దని చెప్పండి."

"నేను చెప్తే వింటుందా?"

"చెప్పకండి. పక్కన ఉండండి" అని వెళ్ళిపోయింది. 

ఆదివారం. షాపు మూసేశాం, బావమరిది ఎక్కడికో పోయాడు. మబ్బు పట్టి, ఎండ చాలా రోజుల తరవాత తగ్గింది. నేను ముందుగదిలో కత్తెరలకి నూనె రాస్తున్నాను. లోపలి గదిలోంచి ధడేలుమని చప్పుడు. కత్తెర ఎక్కడ పడేశానో తెలీదు, పరిగెత్తి తలుపు మీద బాదాను.

"ఏమోయ్! పడ్డావా?"

"లేదు."

"మరి ఆ చప్పుడేంటి?"

"కాళ్ళు."

"కాళ్ళు అంత చప్పుడెందుకు చేశాయి?"

"గబుక్కున దించాను."

కాసేపు తలుపుకి అటు ఆవిడ, ఇటు నేను. "టీచరుగారు పక్కన మనిషుండాలంది" అన్నాను.

"మీరుంటే మాట్లాడతారు."

"మాట్లాడను."

"మీరా?"

"ఒట్టు."

చాలాసేపటికి గడియ తీసింది. నా గళ్ళచొక్కాలోనే ఉంది. జుట్టు ముడేసుకుంది, మొహం ఎర్రగా కందిపోయింది. గోడవారగా దుప్పటి నాలుగు మడతలేసి ఉంది. నన్ను చూడకుండా కిటికీ వైపు చూస్తూ అంది:

"మీరు కుట్టింది జారుతోంది."

ఒట్టేశాను కదా, నోరు తెరవకుండా కనుబొమలెత్తాను.

"నిలబడితే బాగుంది. వంగినా బాగుంది. కుక్కలా నిలబడ్డా కదల్లేదు. వరసంతా చేసి చూశాను. తలకిందులైతే మాత్రం జేబుతో సహా మెడమీదకి వచ్చేస్తోంది."

వేసుకుంది. పారెయ్యలేదు. వేసుకుని, గడియ పెట్టుకుని, పొద్దస్తమానం వరసంతా చేసి చూసుకుంది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నిలబడ్డచోటే నిలబడ్డాను.

"మాట్లాడండి, ఫర్వాలేదు" అంది.

"అది నిలబడ్డ మనిషి కొలతోయ్. అందులోనూ పాత కొలత. తలకిందులైతే ఒళ్ళు వేరు. భుజాలు చెవుల దగ్గరికి వస్తాయి, పక్కటెముకలు విచ్చుకుంటాయి, కండంతా కిందికి దిగుతుంది. నేను కింద పట్టీ బిగువుగా పెట్టి పైన వదులుగా వదిలేశాను. బుద్ధున్నవాడెవడైనా పైన కూడా పట్టీ వేస్తాడు, చంక కింద వేరే ముక్క పెడతాడు. అది ఆది చూసి వచ్చేది కాదు. తలకిందులుగా ఉండగానే కొలవాలి..."

అక్కడ ఆగిపోయాను. ఏమన్నానో నాకప్పుడు వినపడింది. నాలుక కరుచుకున్నాను.

ఆవిడ గోడ వైపు చూస్తూ నిలబడింది. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. ఇంక నన్ను పొమ్మంటుంది అనుకున్నాను.

"టేపుందా?" అంది.

"ఉంది."

గళ్ళచొక్కా గుండీలు తియ్యడం మొదలుపెట్టింది. పైనుంచి ఒక్కొక్కటే. చొక్కా విప్పి కుర్చీ వెనక వేసింది. లోపల నేను కుట్టిన బాడీ. దాని అంచు పైన, చంక వైపు సాగుతూ గీతలా ఒక మచ్చ. నేను చూశాను. ఆవిడ నేను చూడటం చూసింది.

"డాక్టరు కుట్టు తిన్నగానే వేశాడు" అన్నాను.

"ఇంక మీరు మెచ్చుకోవాలి ఆయన్ని" అంది. దుప్పటి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "పక్కన నిలబడండి. పట్టుకోవద్దు. పడితేనే పట్టుకోండి."

మోచేతులు ఆనించి, వేళ్ళు అల్లుకుని, మాడు దుప్పటి మీద పెట్టింది. నడుం పైకెత్తి, కాళ్ళు దగ్గరదగ్గరగా నడిపించుకుంటూ వచ్చింది. ఒక మోకాలు పొట్ట దగ్గరికి వచ్చింది. రెండోది వచ్చింది. నేను రెండు చేతులూ చాచి, ఊపిరి బిగపట్టి ఉన్నాను. కాళ్ళు గోడని రాసుకుంటూ పైకి, పైకి వెళ్ళి తిన్నగా అయ్యాయి. ఎడం మోచెయ్యి కాసేపు వణికి, నిలదొక్కుకుంది.

"ఊఁ, కానివ్వండి" అంది కిందనుంచి.

టేపు తీసి చుట్టూ వేశాను. కుడివైపు నిండుగా, ఎడంవైపు పక్కటెముకల మీద చదునుగా. చంక కింద టేపు సర్దాను. మచ్చ మీద నా వేలు ఆగింది.

"అక్కడ నాకు స్పర్శ లేదండీ" అంది. "మీరు ముట్టుకున్నా తెలీదు."

"నాకు తెలుస్తోందిలే" అన్నాను.

ఆవిడ కాళ్ళు కదిలాయి, గోడ మీంచి ఒక్క క్షణం రెండు పాదాలూ విడిపడ్డాయి. ఏ ఆసరా లేకుండా నిలబడింది. మళ్ళీ మెల్లగా గోడకి ఆనింది. నాకు కళ్ళు మసకేశాయి.

ఒక్కో కాలూ దించి, నుదురు నేలకానించి కాసేపు ఉండి లేచింది. మొహం కందగడ్డలా ఉంది. జుట్టు ముడి ఊడిపోయింది.

"ఎంతొచ్చింది?" అంది.

టేపు చూశాను. నా చేతిలో వేలాడుతోంది. ఆవిడ మొహం చూశాను.

"చూడలేదోయ్."

"చూడలేదా? మీరు? టేపు పెట్టి, కొలత చూడలేదా?"

"చూడలేదు."

"మరి అంతసేపూ ఏం చేశారు?"

ఏం చెప్పను? ఆవిడ కుర్చీ మీది చొక్కా వైపు చెయ్యి చాచింది. చెయ్యి మధ్యలో ఆగింది, వెనక్కి వచ్చేసింది. ఊడిన జుట్టు మళ్ళీ ముడేసుకుని, దుప్పటి సరిచేసి, గోడ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"సరే, ఇంకోసారి ఎక్కుతాను. ఈసారి తీరిగ్గా చూడండి" అంది.